ఇంజను తలకు మాటు



మన పల్లెల్లో పూర్వం బిందెలకు మాట్లు వేసేవాళ్ళు తిరుగుతుండేవారు. వీధి మొగలో కేక వినబడగానే ఇంటింటి ఆడవాళ్ళూ చిల్లిపడిన బిందెలూ, కారిపోయే గిన్నెలూ పట్టుకొని బయటికి వచ్చేవారు. అతడు చెట్టుకింద చిన్న కుంపటి రాజేసి, చిల్లిని ఆకురాయితో శుభ్రంగా గీకి, నవాసాగరం అద్ది, తగరం కరిగించి మాటు వేసి ఇచ్చేవాడు. ఇస్తూ ఒక్క మాట చెప్పేవాడు. "అమ్మా, దీన్ని నీళ్ళకు వాడుకోండి. పొయ్యిమీద మాత్రం పెట్టకండి" అని. ఏలనగా తగరం పొయ్యివేడికి కరిగిపోవును. మాటు వేయడం ఎంత పనితనమో, ఆ మాట చెప్పడమూ అంత పనితనమే. ఆ మాట వినని ఇల్లాలికి పొయ్యీ ఆరిపోయేది, వంటా పోయేది.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచినది ఇంజను తలకు వేసే మాటును గురించి. జీపుకు గాని, లారీకి గాని, బావి గట్టున పెట్టే ఆయిలింజనుకు గాని, సిలిండరు పైన మూతవలె బోల్టులతో బిగించి ఉండే దిమ్మను సిలిండరు హెడ్డు అంటారు. మన మేస్త్రీలు వట్టి 'హెడ్డు' అనే అంటారు. పాత బండ్లలో చాలావాటికి ఇది పోత ఇనుముతో చేసినదే. ఇది బీట వారిందంటే బండి కదలదు, పంపు నీళ్ళు తోడదు. కొత్త హెడ్డు పట్నంలో ఉంటుంది, మనం పొలం గట్టున ఉంటాం. ఆ రెంటికీ నడుమ ఉన్న నాలుగు రోజులను గడిపించేదే మాటు. అట్టి మాట్లు వేయడానికి మనుషులు నూరేళ్ళకు పైగా ఎన్ని తంటాలు పడ్డారో, అందులో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో తెలుసుకొంటే మనకు పనికివస్తుంది.

మొదట హెడ్డు ఎందుకు పగులుతుందో చూద్దాం. కాగుతున్న మట్టికుండలో చన్నీళ్ళు కుమ్మరిస్తే ఏమవుతుంది? టప్పుమని పగులుతుంది. లోపలి మట్టి ఒక్కసారిగా ముడుచుకొంటుంది, బయటి మట్టి ముడుచుకోదు. ఆ పెనుగులాటలో కుండ చీలుతుంది. పోత ఇనుము స్వభావమూ ఇంచుమించు అట్టిదే. మామూలు మెత్తని ఉక్కులో బొగ్గుపదార్థం నూటికి పావు పాలు కూడా ఉండదు. పోత ఇనుములో నూటికి 3 పాళ్ళ దాకా ఉంటుంది. అందులో చాలా భాగం పల్చని రేకుల్లాగా ఇనుములో చెదిరి ఉంటుంది. ఆ బొగ్గు వల్లనే పోత ఇనుము తక్కువ వేడికి కరిగి, నీళ్ళలాగా ప్రవహించి, ఎంత వంకర మూసలోనైనా నిండుతుంది. ఆ బొగ్గు వల్లనే అది వంగడం, సాగడం ఎరుగదు. అణిచిపెడితే ఏనుగులాగా భరిస్తుంది, లాగితే మాత్రం పుటుక్కున విరుగుతుంది.

ఇప్పుడు హెడ్డు సంగతి చూడండి. దాని అడుగున మంట మండుతుంది. ఆ మంట వేడి 2,000 డిగ్రీల దాకా పోతుంది. ఆ మంటకు అంగుళంలో సగం దూరం కూడా లేని గోడ అవతల నీళ్ళుంటాయి. నీళ్ళు ఉన్నంతసేపూ గోడ భద్రంగా ఉంటుంది. నీళ్ళు తగ్గినా, తిరగకపోయినా, గోడకు లోపల సున్నపు పెచ్చు కట్టినా వేడి బయటికి పోదు. అప్పుడు డ్రైవరు కంగారుపడి బావిలోనుంచి తోడిన చన్నీళ్ళు పోస్తాడు. కుండకు జరిగినదే హెడ్డుకూ జరుగుతుంది.

పగులు రెండు విధాలు. ఒకటి నీటిగది బయటి గోడకు వచ్చే పగులు. ఇక్కడ నీళ్ళ ఒత్తిడి చదరపు అంగుళానికి నాలుగైదు పౌన్లు మాత్రమే. రెండవది మంటగదిలో, వాల్వులకు నడుమనో, వాల్వుకూ నీటిగదికీ నడుమనో వచ్చే పగులు. ఇక్కడ ఒత్తిడి చదరపు అంగుళానికి కొన్ని వందల పౌన్లు. డీజిలు ఇంజనులో ఇంకా ఎక్కువ. మొదటి పగులు గోచీకి పడిన చిరుగు. రెండవది చెరువుకట్టకు పడిన గండి. ఈ తేడా తెలియకుండా మాటు వేసినవాడు ఏ కాలంలోనూ నెగ్గలేదు.

ఇక చరిత్రకు వద్దాం. మోటారు బండ్లు పుట్టకముందే ఆవిరి యంత్రాలున్నాయి. వాటి పోత ఇనుప గొట్టాలూ, తొట్లూ బీట వారుతుండేవి. అప్పటి పనివాళ్ళు ఒక చిత్రమైన మందు కనిపెట్టారు. ఇనుప రజను నూరు పాళ్ళు తీసుకొని, అందులో నవాసాగరం, గంధకం ఒకటి రెండు పాళ్ళ చొప్పున కలిపి, నీళ్ళతో తడిపి, ఆ ముద్దను పగులులోకి ఉలితో కూరి దిమ్మిస కొట్టేవారు. ముద్ద తుప్పు పట్టేది. ఇనుము తుప్పుగా మారితే ముందుకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత అది పగులులో ఉబ్బి రాయిలాగా బిగిసిపోయేది. మనకు తుప్పు శత్రువు గదా, వాళ్ళు ఆ శత్రువుచేతనే కాపలా కాయించారన్న మాట. అయితే ఇది తక్కువ ఒత్తిడి ఉన్న చోటనే నిలిచేది. మంట తగిలే చోట, అదిరే చోట నిలిచేది కాదు.

తరువాత మోటారు బండ్లు వచ్చాయి. 1908లో అమెరికాలో ఫోర్డు కంపెనీ 'టీ' మోడలు కారు తయారుచేయ మొదలుపెట్టింది. 1927 దాకా కోటి 50 లక్షలకు పైగా తయారైనాయి. ఆ కారును అక్కడి రైతులు సంతకు పోవడానికే గాక, వెనుక చక్రానికి బెల్టు తగిలించి రంపం ఆడించడానికీ, నీళ్ళు తోడడానికీ వాడుకొన్నారు. దాని హెడ్డు బోల్టులు విప్పితే ఊడి వచ్చేటట్లు చేశారు. ఇది రైతుకు గొప్ప మేలు. అంతకుముందు చాలా ఇంజన్లకు హెడ్డూ సిలిండరూ ఒకే పోత. పగిలితే మొత్తం దిమ్మ మార్చవలసిందే. హెడ్డు విడిగా ఊడి వస్తే పల్లెటూరి కమ్మరి కూడా దాన్ని బల్లమీద పెట్టి చూడగలడు.

ఆ కార్లలో చాలావాటికి నీటిపంపు లేదు. కాగిన నీళ్ళు తమంత తామే పైకి లేచి, చల్లారి కిందికి దిగి తిరుగుతుండేవి. నీళ్ళు కొంచెం తగ్గితే చాలు, తిరగడం ఆగిపోయేది. చలిదేశాల్లో ఇంకొక చిక్కు. రాత్రిపూట నీళ్ళు గడ్డకట్టేవి. 100 పాళ్ళ నీళ్ళు గడ్డకడితే 109 పాళ్ళ చోటు కావాలి. ఆ 9 పాళ్ళకు చోటు లేక ఇనుము చీలేది. అందుచేత అక్కడి రైతులు చలికాలపు సాయంత్రం బండి నీళ్ళు కింద వదిలేసి, తెల్లవారి వేన్నీళ్ళు పోసుకొనేవారు.

పగిలినప్పుడు రైతు ఏం చేసేవాడు? ఇంట్లో ఉన్నదే రేడియేటరులో పోసేవాడు. తవుడు పోసినవాళ్ళున్నారు, పిండి పోసినవాళ్ళున్నారు. మన దేశంలో లారీ డ్రైవర్లు పసుపు పోశారు. ఈ పొడులన్నీ నీళ్ళతో తిరిగి, కారే సందు దగ్గర పేరుకొని కొంతసేపు అడ్డుపడతాయి. వీటికంటే మెరుగైనది సోడియం సిలికేటు. సబ్బుల తయారీలో వాడే చిక్కని ద్రవం ఇది. పడమటి దేశాల రైతులు కోడిగుడ్లు చెడకుండా నిలవ చేయడానికి కూడా దీన్ని వాడారు. ఇది నీళ్ళలో కలిసి ఉన్నంతసేపూ ద్రవమే. వేడి ఇనుముమీద పగులులోనుంచి బయటపడి ఆరగానే గాజువలె గట్టిపడుతుంది. అందుకే దానికి నీటిగాజు అని పేరు. కాని పసుపైనా, నీటిగాజైనా దానికి కళ్ళు లేవు. ఏది పగులో, ఏది రేడియేటరు సన్న గొట్టమో దానికి తెలియదు. ఎక్కువ పోస్తే రెంటినీ పూడుస్తుంది. రేడియేటరు పూడితే ఇంజను మళ్ళీ కాగుతుంది. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి. కథ చివర మళ్ళీ వస్తుంది.

పొడులకంటే గట్టి వైద్యం అతుకు పెట్టడం. 1892లో కాల్షియం కార్బైడును చవకగా తయారుచేసే ఉపాయం అమెరికాలో దొరికింది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడి, నిషేధం పాలై, మనలో చెడ్డపేరు తెచ్చుకున్న కార్బైడు ఇదే. దానిమీద నీళ్ళు పడితే ఎసిటలీన్ గ్యాసు వస్తుంది. పూర్వం ఊరేగింపుల్లో వెలిగించిన గ్యాసు దీపాల్లో మండింది ఆ గ్యాసే. 1903లో ఫ్రాన్సులో ఇద్దరు ఇంజనీర్లు ఆ గ్యాసును ప్రాణవాయువుతో కలిపి మండించే గొట్టం తయారుచేశారు. దాని మంట ఉక్కును కూడా కరిగించగలదు. గ్యాసు వెల్డింగు అలా పుట్టింది.

పోత ఇనుముకు మాత్రం ఈ మంట సుఖంగా పనిచేయలేదు. పగిలిన చోటనే మంట పెడితే ఆ చోటు ఉబ్బుతుంది, పక్క చోటు ఉబ్బదు. చల్లారేటప్పుడు ఆ చోటు ముడుచుకొంటుంది, పక్కచోటు రాదు. అతుకు పక్కన కొత్త పగులు టిక్కుమని వినబడుతుంది. అందుకు తెలిసిన మేస్త్రీలు హెడ్డునంతా బొగ్గుల మంటలో సమంగా ఎర్రబడేదాకా కాచి, అతుకు వేసి, బూడిదలోనో పొడి సున్నంలోనో పాతిపెట్టి, ఒక రాత్రీ పగలూ కదలనిచ్చేవారు కారు. బాలింతను చలిగాలి తగలకుండా చూసినట్లు చూసేవారు. ఈ ఓపిక లేనివాడు వేసిన వెల్డింగు పొద్దున అతికి సాయంత్రానికి విరిగేది.

సోదరులారా, హెడ్డును బొగ్గుల్లో పెట్టవచ్చు. ఓడ ఇంజను సిలిండరును ఎక్కడ పెడతారు? ఈ ప్రశ్న 1917లో నిజంగానే వచ్చింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు జర్మనీ వర్తకపు ఓడలు చాలా అమెరికా రేవుల్లో తలదాచుకొన్నాయి. 1917 ఏప్రిల్‌లో అమెరికా కూడా జర్మనీమీద యుద్ధంలో దిగి ఆ ఓడలను స్వాధీనం చేసుకొంది. వెళ్ళి చూస్తే ఓడల ఇంజన్లు విరిగి ఉన్నాయి. తమ ఓడలు శత్రువుకు ఉపయోగపడకూడదని జర్మను నావికులే పోత ఇనుప సిలిండర్లను పగలగొట్టారు. పోత ఇనుము సంగతి వాళ్ళకు బాగా తెలుసు. దాన్ని అతకడం అసాధ్యమనీ, కొత్త సిలిండర్లు పోత పోయించేలోగా యుద్ధం ముగుస్తుందనీ వాళ్ళ ధైర్యం. అమెరికాలో కూడా చాలామంది నిపుణులు సిలిండర్లు మార్చవలసిందే, ఏడాదికి పైగా పడుతుంది అన్నారు.

నౌకాదళపు ఇంజనీర్లు వేరే దారి పట్టారు. మొత్తం కాచడం కుదరదు కాబట్టి, విద్యుత్తు వెల్డింగుతో కొంచెం కొంచెంగా, ఇనుము ఎక్కువ వేడెక్కకుండా అతికారు. ముక్క పూర్తిగా పోయిన చోట ఉక్కు పలకలను మరమేకులతో బిగించారు. నెలల్లోనే ఓడలు సముద్రంమీదికి వచ్చాయి. ఆ ఓడలు ఐదు లక్షలకు పైగా సైనికులను ఫ్రాన్సుకు చేర్చాయి. అతుకు పెట్టిన ఇనుమును గురించి లోకానికి ఉన్న అభిప్రాయం ఆ ఏడాదితో మారిపోయింది. కాని ఒక సంగతి గమనించండి. ఆ అతుకులు వేసినవాళ్ళు ప్రతి సిలిండరునూ ఒత్తిడి పెట్టి పరీక్ష చేయకుండా వదలలేదు. అతుకుమీద వాళ్ళకు నమ్మకమే గాని, గుడ్డి నమ్మకం లేదు.

ఆ తరువాత ఇంకొక పద్ధతి వచ్చింది. 1930 దశకంలో అమెరికాలో టెక్సస్ చమురు క్షేత్రాల్లో యంత్రాలు పగిలితే మంట పెట్టడానికి వీలులేదు. చుట్టూ గ్యాసు. అక్కడివాళ్ళు మంట లేకుండా ఇనుమును కుట్టడం నేర్చారు. పగులుకు అడ్డంగా చిన్న చిన్న గాళ్ళు తొలిచి, వాటిలో గట్టి లోహపు బందులు దిగగొట్టేవారు. పగులు పొడుగునా వరుసగా చిల్లులు వేసి, మరలు కోసి, మరమేకులు బిగించేవారు. ఒక మేకు అంచును కొంచెం తినేటట్లు రెండవ మేకు చిల్లి వేస్తారు. మేకులన్నీ ఒకదానినొకటి పట్టుకొని గొలుసులాగా నిలుస్తాయి. చిరిగిన పంచెను కుట్టినట్లే. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఈ కుట్టుపని ఇంగ్లండు చేరి అక్కడినుంచి ఇతర దేశాలకు వ్యాపించింది. ఇప్పటికీ పెద్ద పెద్ద ఓడ ఇంజన్లను ఇలాగే కుడుతున్నారు.

ఇక మన పల్లెల సంగతి. 1946లో పూణేలో కిర్లోస్కర్ ఆయిలింజన్ల కంపెనీ స్థాపించారు. ఆ తరువాతి ఇరవై ఏళ్ళలో మన బావుల దగ్గర కపిల మోటలు తగ్గి ఆయిలింజన్ల చప్పుడు పెరిగింది. 1941 నుంచి యుద్ధానికని లక్షలకొద్దీ తయారైన విల్లీస్ జీపును యుద్ధానంతరం బొంబాయిలో మహీంద్రా వారు బిగించి అమ్మసాగారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకులు వచ్చాయి, బ్లాకుకొక జీపు వచ్చింది. 1959లో పంచాయతీ సమితులు ఏర్పడిన తరువాత అదే సమితి జీపు అయింది. దుమ్ము లేపుకుంటూ ఆ జీపు వస్తే, విత్తనాలు వచ్చాయనో, మందు వచ్చిందనో, అప్పు వసూలుకు వచ్చారనో ఊరు ఊరంతా అనుకొనేది.

నేను 1978లో ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో ఒక సమితిలో వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేశాను. మా జీపు అప్పటికే ముసలిది. ఆ ప్రాంతపు బావినీళ్ళు చప్పవి కావు. కుండలో కాస్తే అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ నీళ్ళే జీపుకూ పోసేవాళ్ళం. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఊరికి మూడు మైళ్ళ దూరంలో ఆవిరి చిమ్ముతూ ఆగిపోయింది. డ్రైవరు దగ్గరి బావినుంచి బిందెతో నీళ్ళు తెచ్చి పోశాడు. నేనే పొయ్యమన్నాను. హెడ్డు పైగోడమీద, రెండు బోల్టుల నడుమ, మూడంగుళాల పొడవున తడి గీత కనబడింది.

ఎడ్లబండికి కట్టి లాక్కొచ్చి షెడ్డు మేస్త్రీకి అప్పగించాం. ఆయన పెద్దవాడు, లారీలమీద ముప్పై ఏళ్ళు పనిచేసినవాడు. ముందు నూనె కొలిచే కడ్డీ తీసి చూశాడు. నూనెలో నీళ్ళు కలిస్తే మజ్జిగలాగా తెల్లబడుతుంది. మా నూనె నల్లగానే ఉంది. "లోపలికి దిగలేదు సార్, పైగోడే" అన్నాడు. హెడ్డు విప్పి, మసి గీకి, అంతటా కిరసనాయిలు పూశాడు. కొంతసేపాగి గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాడు. పగులులో దాగిన కిరసనాయిలు మెల్లగా బయటికి ఊరి, సుద్దమీద సన్నని గీత గీసింది. కంటికి మూడంగుళాలుగా కనబడ్డ పగులు సుద్దమీద నాలుగంగుళాలుంది.

ఆ గీత రెండు కొసల దగ్గరా చిన్న చిల్లు పొడిచాడు. పగులు కొస సూదిలాగా ఉంటుంది కాబట్టి ఇనుమును చీల్చుకుంటూ పోతుంది. దాని ముందర గుండ్రటి చిల్లు పెడితే మొన మొద్దుబారి ఆగుతుంది. తరువాత పగులు పొడుగునా చిల్లులు వేసి, టాపుతో మరలు కోసి, మరమేకులు బిగించి, తలలు కోసేసి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి, ఆకురాయితో సాపు చేశాడు. టెక్సస్ పేరు ఆయన ఎరగడు. వాళ్ళ గురువు నేర్పిన విద్య అన్నాడు. హెడ్డు అడుగున ఉక్కు బద్ద ఆనించి వంకర లేదని చూసుకొని, కొత్త గాస్కెట్టు వేసి, నడిమి బోల్టులనుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మూడు దఫాలుగా బిగించాడు. చివర కొంచెం సోడియం సిలికేటు రేడియేటరులో పోశాడు.

బండి తాళాలిస్తూ ఆయన అన్నమాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "సార్, ఇది మిమ్మల్ని ఒంగోలు చేర్చే మందు. జబ్బు నయం చేసే మందు కాదు. పది రోజుల్లో ఇంకో హెడ్డు తెప్పించండి. తెప్పించకపోయినా ముందు రేడియేటరు విప్పి కడిగించండి, లోపల పెచ్చంతా తీయించండి. కాగడం మానకపోతే, ఈ కుట్టు పక్కనే ఇంకోటి పుడుతుంది."

నేను కొత్త హెడ్డుకు అంచనా రాశాను. కాగితం ఒక బల్లమీదినుంచి ఇంకో బల్లమీదికి పోయింది. జీపు నడుస్తూనే ఉంది. నడుస్తున్న బండికి ఖర్చెందుకని పైవాళ్ళు అడిగారు. నాకూ అది సబబుగానే తోచింది. రేడియేటరు కడిగించడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు, ఒక రోజు బండి ఆపితే చాలు. ఆ రోజు కూడా నేను ఆపలేదు. కొంచెం కాగినప్పుడల్లా డ్రైవరు పసుపు పోసేవాడు, నేను చూసీ చూడనట్లుండేవాణ్ణి. అలా నాలుగు నెలలు గడిచాయి.

జూలైలో మంచి వానలు పడ్డాయి. వెనువెంటనే ఎర్ర గొంగళి పురుగు లేచింది. ఆ పురుగు సంగతి మెట్ట రైతులకు చెప్పనక్కరలేదు. గుడ్డు పగిలిన కొత్తలో పిల్లపురుగులు ఆకు అడుగున గుంపుగా ఉంటాయి. అప్పుడు పొడి చల్లితే చస్తాయి. ఒంటినిండా వెంట్రుకలు మొలిచి పెద్దవైతే పొడికి లొంగవు, మందలాగా చేనునుంచి చేనుకు నడుస్తాయి. అప్పట్లో 10 శాతం బి.హెచ్.సి. పొడి చల్లేవాళ్ళం. 1997లో ఆ మందును మన దేశంలో నిషేధించారు. సమితి గోడౌనులో పొడి ఉంది. పురుగు లేచిన ఊళ్ళు పదిహేను మైళ్ళ అవతల ఉన్నాయి.

పొద్దున బస్తాలు వేసుకొని డ్రైవరు మీట నొక్కితే ఇంజను తిరగలేదు. బిగుసుకొంది. బ్యాటరీ దిగిందనుకొని, నలుగురం కలిసి వాలులో తోశాం. గేరు వేసి క్లచ్చి వదిలాడు. లోపల ఒక పెద్ద చప్పుడు. తరువాత మేస్త్రీ విప్పి చూపించాడు. ఆయన కుట్టు చెక్కుచెదరలేదు. దాని పక్కనే, ఆయన చెప్పిన చోటనే, కొత్త పగులు లోపలి మంటగదిలోకి దిగింది. రాత్రంతా నీళ్ళు సిలిండరులోకి కారాయి. నీళ్ళు గాలిలాగా అణిగేవి కావు. మేం బలవంతాన తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. ప్లగ్గులు విప్పి ఇంజనును చేత్తో తిప్పి ఉంటే నీళ్ళు బయటికి చిమ్మేవి, రాడ్డు దక్కేది. రేడియేటరు విప్పితే సగం గొట్టాలు తెల్లటి పెచ్చుతో, పసుపు ముద్దతో పూడి ఉన్నాయి.

ఎడ్లబండ్లు కుదుర్చుకొని పొడి చేర్చేసరికి నాలుగు రోజులైంది. చేలమీద సజ్జ మొలకలు లేవు, కంది మోళ్ళు ఉన్నాయి. పురుగు పక్క ఊరి పొలిమేర దాటింది. ఒక ముసలి రైతు నన్ను తిట్టలేదు. గట్టుమీద కూర్చుని, "నాయనా, వానొచ్చిన రోజే వచ్చుంటే బాగుండేది. ఇంక విత్తనమైనా ఇప్పించు" అన్నాడు. కొందరు మళ్ళీ విత్తారు. విత్తనం లేనివాళ్ళు ఆ ఏడు చేలు బీడు పెట్టుకొన్నారు. హెడ్డు ఖర్చు మిగిలిందనుకొన్న సమితికి ఇంజను మొత్తం విప్పించే ఖర్చు తగిలింది. అది సమితి లెక్కల్లో ఉంటుంది. రైతు నష్టపోయింది ఏ లెక్కల్లోనూ లేదు.

సోదరులారా, ఈ కథలో మాటుది తప్పు లేదు. మేస్త్రీది అంతకన్నా లేదు. తుప్పు ముద్ద కూరిన ఆవిరి పనివాళ్ళ దగ్గరనుంచి, ఓడలు అతికిన నౌకా ఇంజనీర్ల దాకా మాటు వేసినవాళ్ళందరూ ఒక గడువు సంపాదించి ఇచ్చారు. ఆ గడువును ఏం చేసుకొంటామన్నది మన పని. నేను దాన్ని సోమరితనానికి ఖర్చు చేశాను.

పాత జీపో, పాత ట్రాక్టరో, ఆయిలింజనో ఇప్పటికీ వాడుతున్నవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఇంజను కాగితే వెంటనే ఆపండి. వేడిమీద రేడియేటరు మూత తీయకండి, మొహం కాలుతుంది. చేయి పెట్టగలిగేదాకా చల్లారనిచ్చి, నీళ్ళు కొంచెం కొంచెంగా పోయండి. ఉప్పునీళ్ళకంటే కాలవనీళ్ళూ, పట్టిపెట్టిన వాననీళ్ళూ మేలు. నూనె తెల్లబడినా, పొగగొట్టంనుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వచ్చినా, రేడియేటరులో బుడగలు లేచినా పగులు లోపలికి దిగిందని అనుమానించండి. లోపలి పగులుకు ఏ పొడీ, ఏ జిగురూ పనికిరాదు. రెండు గొట్టాలలో అమ్మే జిగురు బయటి నీటిగోడ పగులుకు, శుభ్రంగా గీకి పూస్తే, కొన్నాళ్ళు ఆగుతుంది. మంటగదిలో ఒక గంట కూడా ఆగదు. నేటి కార్లలో చాలావాటికి అల్యూమినియం హెడ్డులున్నాయి. అవి వేరే జాతి. పోత ఇనుముకు చెప్పిన ఈ వైద్యాలు వాటికి చేయించకండి.

మాటు వేయించిన రోజున ఇంకొక పని చేయండి. కొత్త హెడ్డు ఏనాటికి తెస్తారో ఆ తేదీని సుద్దముక్కతో షెడ్డు తలుపుమీద రాయండి. విస్తరణ కార్యకర్తలైతే బండి లాగు పుస్తకం మొదటి పేజీలో ఎర్రసిరాతో రాయండి. తేదీ వచ్చిననాడు బండి బాగా నడుస్తున్నా సరే, ఆపండి. మాటు వేసిన బిందెను పొయ్యిమీద పెట్టవద్దని చెప్పిన ఆ పనివాడి మాటే మీకూ నాకూ ఇప్పటికీ పనికివచ్చే మాట.